మెడకు కాలర్: ఎంతవరకు మేలు? ఎప్పటినుంచి కీడు?

నేటి నగర జీవనం మనకు అంటగట్టిన రుగ్మతలలో మెడనొప్పి ముఖ్యమైనది. సికింద్రాబాదులో చిరకాలంగా ఆయుర్వేద వైద్యం చేస్తున్న నా వద్దకు ఈ బాధతో రానివారు లేరంటే అతిశయోక్తి కాదు. రోజంతా తల వంచి నగల పని చేసే పాట్ మార్కెట్ పనివారు, మోండా మార్కెట్‌లో తలపై బస్తాలు మోసే హమాలీలు, కంప్యూటర్ల ముందు కూర్చునే ఉద్యోగులు, కుట్టుమిషను ముందు గంటల తరబడి వంగే గృహిణులు, రాత్రి పొద్దుపోయేవరకు సెల్‌ఫోనుపై తల వాల్చే విద్యార్థులు, అందరిదీ ఒకటే ఫిర్యాదు. వీరిలో చాలామంది వైద్యుని దర్శించడానికి ముందే ఒక పని చేస్తున్నారు. మందుల దుకాణానికి వెళ్ళి, స్పాంజితో చేసిన కాలర్ ఒకటి కొని, మెడకు చుట్టుకొంటున్నారు. కొందరు వారాలు, కొందరు నెలలు దానిని విడవడం లేదు.

కాలర్ మంచిదా, చెడ్డదా అని పాఠకులు తరచుగా అడుగుతుంటారు. ఔషధానికి మోతాదు, కాలపరిమితి ఎలా ఉంటాయో కాలర్‌కు కూడా అలాగే ఉంటాయి. తగినవారికి, తగినన్ని రోజులు వాడితే అది మేలు చేస్తుంది. పరిమితి దాటితే తాను నయం చేయవలసిన మెడనే బలహీనపరుస్తుంది. ఈ విషయాన్ని వివరంగా తెలుసుకొనడం ప్రతి కుటుంబానికీ అవసరం.

మెడ నిర్మాణం

మన మెడలో ఏడు వెన్నుపూసలు ఉంటాయి. వాటి మధ్య మెత్తని డిస్కులు, చుట్టూ బంధనాలు, కండరాలు ఉండి సుమారు నాలుగున్నర నుంచి ఐదు కిలోల బరువున్న తలను మోస్తుంటాయి. తలను పక్కలకు తిప్పే కదలికలో దాదాపు సగం మొదటి రెండు పూసల మధ్యనే జరుగుతుంది. పూసల నడుమ నుంచి వెన్నుపాము సాగుతుంది. దాని నుంచి ఎనిమిది జతల నాడులు వెలువడి భుజాలకు, చేతులకు చేరుతాయి.

తల నిటారుగా ఉన్నప్పుడు మెడపై పడేది తల బరువు మాత్రమే. తల ముందుకు వంగేకొద్దీ ఆ భారం పెరుగుతుంది. 2014లో ఒక అమెరికన్ శస్త్రవైద్యుడు లెక్కగట్టిన ప్రకారం తల 60 డిగ్రీలు వంగినపుడు మెడపై పడే భారం సుమారు 27 కిలోలు. సెల్‌ఫోను చూసేవారు, కూరగాయలు తరిగేవారు, బట్టలు కుట్టేవారు ఎంతటి బరువును గంటల తరబడి మోస్తున్నారో దీనిని బట్టి ఊహించవచ్చు.

వయస్సు పైబడినకొద్దీ డిస్కులు ఎండి, పూసల అంచులలో ఎముక పెరుగుతుంది. దీనినే సర్వైకల్ స్పాండిలోసిస్ అంటారు. జనవ్యవహారంలో ఇది స్పాండిలైటిస్‌గా స్థిరపడింది. ఎక్స్‌రేలో ఈ మార్పులు కనిపించిన ప్రతివారికీ నొప్పి ఉండాలని లేదు. కనుక ఎక్స్‌రే చూసి భయపడి కాలర్ ధరించనవసరం లేదు.

శాస్త్రం ఏమంటోంది?

చరకుడు వాతరోగాలను ఎనభైగా లెక్కించి వాటిలో గ్రీవాస్తంభాన్ని, మన్యాస్తంభాన్ని చేర్చాడు. మెడ బిగుసుకొనిపోయి తిరగకపోవడమే వీటి లక్షణం. పగటి నిద్ర, అస్తవ్యస్తంగా కూర్చొనడం, నిలబడడం, ఎల్లప్పుడూ పైకి చూస్తూ ఉండడం మన్యాస్తంభానికి కారణాలని, కఫంచేత ఆవరింపబడిన వాయువు దీనిని కలిగిస్తుందని సుశ్రుత సంహిత నిదానస్థానం తెలుపుతున్నది. బాధ భుజం నుంచి చేతి వ్రేళ్ళ వరకు వ్యాపించి చేతి శక్తిని హరిస్తే దానికి విశ్వాచి అని పేరు. నేటి వైద్యులు నాడీమూలంపై ఒత్తిడి అని చెప్పేది దీనికి దగ్గరగా ఉంటుంది.

మెడకు కట్టు కట్టే పద్ధతి మనకు పాశ్చాత్యుల నుంచి వచ్చినదని చాలామంది భావిస్తారు. సుశ్రుతుడు సూత్రస్థానంలో పద్నాలుగు రకాల కట్లను చెబుతూ మెడకు తగినది ప్రతోలి అనే కట్టు అని పేర్కొన్నాడు. చికిత్సాస్థానంలో విరిగిన, తొలగిన ఎముకలకు చికిత్స చెప్పే అధ్యాయంలో మెడ ప్రస్తావన ఇంకా స్పష్టంగా ఉంది. మెడ తిరిగిపోయినా, లోనికి దిగిపోయినా దానిని సరిచేసి, చుట్టూ బద్దలు సమంగా అమర్చి, వస్త్రపు పట్టీతో చుట్టి, రోగిని ఏడు రాత్రులు వెల్లకిల పడుకోబెట్టాలని చెప్పాడు. ఆ సరిచేసే ప్రక్రియను నేడు ఇంటివద్ద ఎవరూ ప్రయత్నించరాదు. అది శస్త్రవైద్యుని పని. మనం గమనించవలసినది మరొకటి. ఆయన కట్టు చెప్పాడు, కట్టుతోపాటు విశ్రాంతి చెప్పాడు, ఆ విశ్రాంతికి గడువు కూడా చెప్పాడు.

అదే అధ్యాయంలో కట్టు వదులుగా ఉంటే కీలుకు స్థిరత్వం కలగదని, మరీ బిగువైతే చర్మానికి వాపు, నొప్పి, పాకం కలుగుతాయని కూడా ఉంది. చలికాలంలో ఏడు రోజులకు, సమకాలంలో ఐదు రోజులకు, ఎండకాలంలో మూడు రోజులకు ఒకసారి కట్టు విప్పి మార్చాలని నియమం పెట్టాడు. నేటి కాలర్ విషయంలోనూ ఈ మూడు సూత్రాలు, అంటే గడువు, బిగువు, శుభ్రత, మరువరానివి.

కాలర్‌లో రకాలు

సాధారణంగా దుకాణాలలో దొరికేది మెత్తని కాలర్. స్పాంజిపై బట్ట తొడిగి, వెనుక వెల్క్రోతో అంటించే ఏర్పాటు ఉంటుంది. ఇది మెడ కదలికను ఆపివేస్తుందని అనుకొనడం పొరపాటు. అది నియంత్రించేది కొద్ది కదలికనే. మెడకు వెచ్చదనం ఇవ్వడం, తలకు కొంత ఆసరా కలిగించడం, 'మెడను హఠాత్తుగా తిప్పవద్దు' అని ధరించినవారికి జ్ఞాపకం చేయడం దీని ముఖ్య ప్రయోజనాలు.

రెండవది గట్టి కాలర్. ప్లాస్టిక్‌తో చేసి, గడ్డానికి ఆనిక ఉంటుంది. ముందు భాగం, వెనుక భాగం విడివిడిగా ఉండి రెండూ కలిపి బిగించేదానిని ఫిలడెల్ఫియా కాలర్ అంటారు. మెడ ఎముక విరిగినపుడు, శస్త్రచికిత్స అనంతరం శస్త్రవైద్యులు ఇటువంటివి వాడతారు. ఇంతకంటె దృఢమైనవి ఛాతీ వరకు దిగి ఉంటాయి. వీటిని రోగి స్వయంగా ఎన్నుకొనడానికి వీలులేదు.

కాలర్ వలన ప్రయోజనాలు

మొదటి ప్రయోజనం ప్రాణరక్షణ. రోడ్డు ప్రమాదంలో గాని, ఎత్తు నుంచి పడి గాని మెడకు దెబ్బ తగిలిందన్న అనుమానం ఉన్నప్పుడు విరిగిన పూస కదిలి వెన్నుపామును నొక్కితే కాళ్ళు, చేతులు శాశ్వతంగా చచ్చుబడవచ్చు. శ్వాస కూడా ఆగిపోవచ్చు. అందుకే అంబులెన్సులలో గట్టి కాలర్‌లను ఉంచుతారు. మన రాష్ట్రంలో 108 సేవ 2005 ఆగస్టు 15న ప్రారంభమైంది. దాని కేంద్రం సికింద్రాబాదు నుంచి మేడ్చల్ వెళ్ళే దారిలోని దేవరయాంజాల్‌లో నెలకొన్నది. ప్రమాద స్థలంలో ఉన్నవారు చేయవలసినది ఒకటే. గాయపడినవారిని కూర్చోబెట్టకూడదు, నీళ్ళు తాగించకూడదు, హెల్మెట్‌ను బలవంతంగా లాగకూడదు. తలను ఉన్న స్థితిలోనే రెండు చేతులతో కదలకుండా పట్టుకొని 108కి ఫోను చేయాలి. ఆటోలో వంచి కూర్చోబెట్టి తీసుకొనిపోవడం సదుద్దేశంతో చేసే అపాయం. సహాయం చేసినవారు కేసులలో చిక్కుకొంటారన్న భయం కూడా అక్కరలేదు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం సదుద్దేశంతో సహాయపడినవారికి రక్షణ కల్పించింది.

రెండవ ప్రయోజనం ఎముక అతుక్కొనేవరకు, శస్త్రచికిత్స గాయం మానేవరకు స్థిరత్వం. ఇక్కడ వారాల తరబడి కాలర్ ఉంచవలసి రావచ్చు. వైద్యుడు చెప్పనిదే స్నానానికి కూడా తీయరాదు. ఈ వ్యాసంలో దీర్ఘకాలం వాడరాదని నేను చెప్పేది ఇటువంటివారికి వర్తించదని పాఠకులు గమనించాలి.

మూడవది విశ్వాచివంటి బాధ కొత్తగా ఆరంభమైనపుడు ఉపశమనం. నాడీమూలం ఒరిపిడికి లోనై చేతిలోకి నొప్పి పాకుతున్నపుడు మెడకు విశ్రాంతి మేలు చేస్తుంది. నెదర్లాండ్సులో 205 మందిపై జరిపి 2009లో ప్రచురించిన పరిశోధనలో, నొప్పి కొత్తగా వచ్చినవారికి కొంచెం గట్టి కాలర్‌ను మూడు వారాలు ధరింపజేసి, తరువాతి మూడు వారాలలో క్రమంగా మాన్పించారు. ఏమీ చేయకుండా వేచిచూసినవారికంటె వీరికి మొదటి ఆరు వారాలలో చేతినొప్పి, మెడనొప్పి త్వరగా తగ్గాయి. ఫిజియోథెరపీ చేయించినవారికి కూడా అటువంటి ఫలితమే వచ్చింది. కాలర్‌కు ఆరంభం ఉన్నట్లే ముగింపు కూడా ముందుగానే నిర్ణయించారన్నది ఇందులో ముఖ్యాంశం.

నాలుగవది, నిద్రలో మెడ పట్టివేసినపుడు ఒకటి రెండు రోజుల తాత్కాలిక ఆసరా. రైలులోగాని బస్సులోగాని దూరప్రయాణం తప్పనిసరి అయినపుడు కుదుపుల నుంచి కొంత రక్షణ.

కాలర్ వలన నష్టాలు

వాడని కత్తి తుప్పు పట్టినట్లు, పని లేని కండరం క్షీణిస్తుంది. తలను మోసే పనిని కాలర్‌కు అప్పగిస్తే మెడ కండరాలు కొన్ని వారాలలోనే బలం కోల్పోతాయి. కీళ్ళు బిగుసుకొంటాయి. అప్పుడు కాలర్ తీయగానే నొప్పి తిరిగి వస్తుంది. నొప్పి వచ్చింది గనుక కాలర్ అవసరమేనని రోగి మళ్ళీ ధరిస్తాడు. ఈ విషవలయంలో చిక్కుకొన్న ఒక గృహిణి నా వద్దకు వచ్చారు. బట్టలు కుట్టి కుటుంబానికి ఆసరాగా నిలిచే ఆమె ఐదు నెలలుగా పగలూ రాత్రీ మెత్తని కాలర్ ధరిస్తున్నారు. తీస్తే తల పడిపోతుందేమోనని భయం. పరీక్షలో నాడులకు ఏ లోపమూ లేదు. కాలర్ సమయాన్ని రోజుకు కొంత తగ్గిస్తూ, దిగువ చెప్పిన వ్యాయామాలు చేయిస్తూ, మిషను ముందు కుర్చీ ఎత్తు మార్పించగా నాలుగు వారాలలో ఆమె దానిని పూర్తిగా విడిచిపెట్టగలిగారు.

వాహన ప్రమాదంలో మెడ కుదుపుకు లోనై ఎముకలకు దెబ్బతగలనివారి విషయంలోనూ ఇదే సత్యం. కెనడాలోని క్విబెక్ రాష్ట్రం నియమించిన నిపుణుల బృందం 1995లో తన నివేదికలో అటువంటివారికి కాలర్‌తో దీర్ఘవిశ్రాంతికంటె త్వరగా మెడను కదిలించడమే మేలని సూచించింది.

చర్మబాధలు మరొక నష్టం. మన ప్రాంతపు ఏప్రిల్, మే నెలల ఎండలలో స్పాంజి లోపల చెమట నిలిచి పొక్కులు, దురద వస్తాయి. గట్టి కాలర్ గడ్డం క్రింద, తల వెనుక పుండ్లు చేయవచ్చు. బిగువుగా కడితే మెడలోని సిరలు నొక్కుకొని తలలో ఒత్తిడి పెరుగుతుంది. మింగడం కష్టమవుతుంది.

పడిపోయే ప్రమాదం వృద్ధులకు ఎక్కువ. కాలర్ ధరించినవారికి తమ పాదాలు కనిపించవు. మెట్లు దిగేటప్పుడు తూలిపడవచ్చు. ఇక కాలర్ ధరించి స్కూటరు నడపడం ఎంతమాత్రం తగదు. పక్కల నుంచి వచ్చే వాహనాలను చూడలేక ప్యారడైజ్ వంటి కూడలిలో ప్రాణానికే ముప్పు తెచ్చుకొన్నట్లవుతుంది.

అన్నింటికంటె పెద్ద నష్టం, కాలర్ ఇచ్చే తాత్కాలిక ఊరట లోపలి వ్యాధిని కప్పిపుచ్చడం. రైల్వేలో పనిచేసి విశ్రాంతి తీసుకొంటున్న ఒక పెద్దమనిషి పొరుగువారి సలహాపై ఆరు నెలలు కాలర్ వాడారు. నొప్పి తగ్గిందని సంతోషించారు. ఆ వ్యవధిలో చొక్కా గుండీలు పెట్టుకొనడం కష్టమైంది. సంతకం మారింది. నడకలో కాళ్ళు తడబడసాగాయి. ఇవన్నీ వయస్సు వలన వచ్చినవని ఇంటివారు భావించారు. నా వద్దకు వచ్చిననాడే ఆయనను శస్త్రవైద్యుని వద్దకు పంపాను. పెరిగిన ఎముక వెన్నుపామును నొక్కుతున్నట్లు పరీక్షలలో తేలింది. శస్త్రచికిత్సతో వ్యాధి ముదరడం ఆగింది, నడక చక్కబడింది. కాని వ్రేళ్ళలోని నేర్పు మునుపటిలా తిరిగి రాలేదు. ఇటువంటి స్థితిలో నూనెలు, కాపడాలు, కాలర్‌లు కాలాన్ని వృథా చేస్తాయి.

ఈ లక్షణాలుంటే ఆలస్యం వద్దు

చేతులలో పట్టు తప్పడం, వస్తువులు జారిపోవడం, నడకలో తూలడం, మూత్ర విసర్జనలో అదుపు తప్పడం, చేయి రోజురోజుకూ బలహీనపడడం, జ్వరం తలనొప్పులతో మెడ బిగుసుకొనడం, దెబ్బ తగిలిన తరువాత వచ్చిన నొప్పి, కారణం లేకుండా బరువు తగ్గుతూ రాత్రిళ్ళు పెరిగే నొప్పి, వీటిలో ఏది కనిపించినా గృహవైద్యం ఆపి ఆసుపత్రికి వెళ్ళాలి. ముషీరాబాదులోని గాంధీ ఆసుపత్రివంటి పెద్దాసుపత్రులలో ఎముకల వైద్యులు ఉంటారు. మెడనొప్పితోపాటు ఛాతీలో బరువు, చెమటలు, ఎడమ చేతిలోకి లాగుడు ఉంటే అది గుండెపోటు కావచ్చు. క్షణం ఆలస్యం చేయరాదు. ఆమవాతంతో ఏళ్ళుగా బాధపడేవారి మెడలో పై పూసలు వదులై ఉండవచ్చు గనుక వారు పరీక్ష లేకుండా మెడకు మర్దన చేయించుకోరాదు.

ధరించే విధానం

కాలర్ కొనేటప్పుడు మెడ చుట్టుకొలతతోపాటు గడ్డం నుంచి ఛాతీ ఎముక పైభాగం వరకు ఉన్న ఎత్తును కూడా చూడాలి. ఎత్తు ఎక్కువైన కాలర్ తలను వెనక్కి నెడుతుంది. దానివలన నాడులు వెలువడే రంధ్రాలు ఇరుకై చేతినొప్పి హెచ్చుతుంది. చూపు తిన్నగా ముందుకు ఉండి, గడ్డం సహజంగా ఆనేటట్లు ఉండాలి. కట్టిన తరువాత ఒక వ్రేలు సులభంగా దూరేటంత సందు ఉండాలి. లోపల పలుచని నూలుగుడ్డ వేసుకొని దానిని రోజూ మార్చాలి. వైద్యుడు ప్రత్యేకంగా చెప్పనిదే నిద్రలో మెత్తని కాలర్ అక్కరలేదు.

సాధారణ మెడపట్టుకు రోజుకు కొన్ని గంటల చొప్పున రెండు మూడు రోజులు, మహా అయితే ఒక వారం చాలు. అంతకు మించి అవసరమనిపిస్తే అది వైద్యుని సలహా పొందవలసిన సమయం. ఎక్కువ కాలం వాడినవారు ఒక్కసారిగా మానక, ప్రతి రెండు మూడు రోజులకు ఒక గంట చొప్పున తగ్గించుకోవాలి.

గృహవైద్యం

ప్రమాద లక్షణాలు లేని సాధారణ నొప్పికి ఈ క్రింది ఉపచారాలు ఉపశమనం ఇస్తాయి.

నువ్వులనూనెను గోరువెచ్చగా చేసి మెడ వెనుక, భుజాలపై మృదువుగా పది నిమిషాలు రాయాలి. మెడ ముందు భాగంలో, పక్కలలో గట్టిగా నొక్కరాదు. తరువాత వావిలి ఆకులను వేడిచేసి గుడ్డలో మూటకట్టి కాపడం పెట్టాలి. వావిలి దొరకనిచోట రాళ్ళ ఉప్పు, వాము కలిపి వేయించి మూటకట్టవచ్చు. మూటను ముందుగా ముంజేతిపై పెట్టి వేడి చూసుకోవాలి. మధుమేహం వలన స్పర్శ తగ్గినవారు కాలిన గాయం తెలియక బాధపడతారు గనుక వారికి మరొకరు కాపడం పెట్టాలి.

మినప్పిండి ముద్దతో మెడ వెనుక గట్టు కట్టి అందులో వెచ్చని ఔషధ తైలం నింపి ఉంచే గ్రీవావస్తి, ముక్కులో తైలం వేసే నస్యం మంచి చికిత్సలు. వీటిని వైద్యుని పర్యవేక్షణలోనే చేయించుకోవాలి. గుగ్గులు కలిసిన మందులను సొంతంగా కొని వాడరాదు.

మెడకు నిజమైన కాలర్ దాని కండరాలే. నొప్పి తీవ్రత తగ్గగానే వాటిని బలపరచాలి. అరచేతిని నుదుటికి ఆనించి, తల కదలకుండా, చేతిని తలతో మెల్లగా నెడుతూ ఐదు అంకెలు లెక్కించాలి. అదేవిధంగా తల వెనుక, కుడి, ఎడమ పక్కల చేయాలి. ఒక్కొక్క వైపు పదిసార్లు చాలు. కూర్చొని గడ్డాన్ని తిన్నగా వెనక్కి లాగి ఐదు అంకెలు ఉంచి వదలడం మరొక మంచి వ్యాయామం. నొప్పి చేతిలోకి పాకితే వెంటనే ఆపాలి. తలను గిరగిర తిప్పడం, శీర్షాసనం, సర్వాంగాసనం, హలాసనం వీరికి తగవు.

క్షౌరశాలలలో మెడను పటుక్కున విరిపించుకొనే అలవాటు మానుకోవాలి. మెడ పూసల గుండా మెదడుకు రక్తనాళాలు సాగుతాయి. వాటికి దెబ్బ తగిలితే పక్షవాతం రావచ్చు. 2022లో హైదరాబాదులో బ్యూటీ పార్లరులో తలను వెనక్కి వాల్చి జుట్టు కడిగించుకొన్న ఒక మహిళకు ఈ విధంగా మెదడుకు రక్తప్రసారం తగ్గిన ఉదంతం వార్తలలో వచ్చింది.

దిండు మూడు నాలుగు అంగుళాల ఎత్తున, మెడ వంపును నింపేటట్లు ఉండాలి. బోర్లా పడుకోరాదు. పుస్తకాన్ని, ఫోనును కంటి ఎత్తుకు తేవాలి గాని కన్నును వాటి వద్దకు దించరాదు. వంటింట్లో నేలపై కూర్చొని తరిగేవారు బల్లపై పెట్టుకొని తరగడం మేలు. అరగంటకొకసారి లేచి నాలుగడుగులు వేయాలి.

కాలర్ కొనదలచినవారు ముందుగా మూడు ప్రశ్నలకు సమాధానం తెలుసుకోవాలి. నా నొప్పికి కారణం ఏమిటి? దీనిని ఎన్ని రోజులు ధరించాలి? తీసిన తరువాత మెడను ఎలా బలపరచుకోవాలి? ఈ మూడింటినీ చెప్పగల వైద్యుని సలహాతో ధరించిన కాలర్ ఊతకర్ర వంటిది. గాయం మానగానే ఊతకర్రను మూలన పెట్టి నడిచినట్లే, నొప్పి తగ్గగానే కాలర్‌ను తీసి మెడను దాని పని దానిని చేసుకోనివ్వాలి.